కురచ తుపాకి ఖరీదు

వెనక సీట్లో తుపాకిని పడుకోబెట్టి, దాని మీద దుప్పటి కప్పి, దొర్లిపోకుండా దిండు అడ్డం పెట్టి, కుక్కుటేశ్వరరావు కారు తలుపు మెల్లగా వేశాడు. పసిపిల్లవాడికైనా ఇంత సేవ అక్కర్లేదు. అయినా ముందు సీట్లో కూర్చున్న బాబా వెనక్కి తిరిగి చూసి, "తల కిందికి దిగింది కుకూ, సర్దు" అన్నాడు.

తుపాకికి తల ఏ వైపున ఉంటుందో కుక్కుటేశ్వరరావుకి తెలియదు. రెండు చివరలూ కాస్త కాస్త పైకి జరిపి, వచ్చి తన సీట్లో కూర్చుని, స్టీరింగుని ముట్టుకుని కళ్ళకద్దుకుని బండి తీశాడు.

అతనిది పిఠాపురం దగ్గర ఊరు. అక్కడి స్వామి పేరే పెట్టారు. ఈ అరబ్బు దేశానికొచ్చి, జహ్రాలో ఈ బాబా ఇంట్లో డ్రైవరుగా చేరి చాలా ఏళ్ళయింది. ఇక్కడి పనివాళ్ళకి ఇంటి యజమాని బాబా, యజమానురాలు మామా. అంత పేరు నోరు తిరగక బాబా మొదటి రోజునుంచీ "కుకూ" అనే పిలుస్తున్నాడు. దేవుడి పేరుని కోడిపిల్లని పిలిచినట్టు పిలుస్తున్నాడే అని మొదట్లో నొచ్చుకున్నాడు. తర్వాత ఆలోచిస్తే, ఆ స్వామి వెలసిందే కోడి రూపంలో. ఆయనకి లేని అభ్యంతరం మనకెందుకని సరిపెట్టుకున్నాడు.

సరిపెట్టుకోలేనిది ఈ తుపాకి సంగతి.

ఊళ్ళో కొత్త డాబా పూర్తయింది. శ్రావణమాసంలో గృహప్రవేశం. ముహూర్తం వచ్చే వారమే. భార్యాభర్తలిద్దరూ పీటల మీద కూర్చోవాలి. "మీరు రాకుండా నేను పాలు పొంగించనండి. ఆ ఇల్లలా తాళం వేసుకునే ఉంటుంది" అని పద్మశ్రీ ఖచ్చితంగా చెప్పేసింది. సెలవు ఇస్తానని బాబా చైత్రంలోనే ఒప్పుకున్నాడు. కానీ ఇప్పుడు ఆ మాట ఎత్తితే, "తుపాకి గొడవ తేలనీ. నాకా చూపు ఆనదు. నువ్వు వెళ్ళిపోతే నన్నెవరు తిప్పుతారు?" అంటున్నాడు. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది.

గొడవ ఇదీ. బాబాకి ఒక తమ్ముడున్నాడు, అబూ తలాల్. తండ్రి పోయి చాలా కాలమైనా పాత ఇల్లు అమ్మకం ఈ ఏడాదే జరిగింది. అన్నదమ్ములిద్దరూ తివాచీలతో సహా అన్నీ పంచుకున్నారు. అతిథులు కూర్చునే దివానియా గది గోడకి వేలాడుతున్న తండ్రి తుపాకి ఒక్కటి మిగిలింది. దాన్ని రెండు ముక్కలు చేయలేరు కదా. ఎవరుంచుకుంటే వాళ్ళు ఖరీదు కట్టి రెండోవాళ్ళకి సగం ఇవ్వాలనుకున్నారు. ఉంచుకోవాలని బాబాకి ఉంది. ఖరీదెంతో ఎవరికీ తెలియదు. అది తేల్చడానికే ఈ ఊరేగింపు.

మిర్కాబ్‌లో ఒక పెద్ద భవనం కింద పాత సామాన్ల దుకాణం. దుకాణదారు కంటికి భూతద్దం పెట్టుకుని తుపాకిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. ఇంగ్లీషువాళ్ళ కాలపు తుపాకి, ఒక్కసారికి ఒక్క తూటా. అది పేలి ఎన్నాళ్ళయిందో. గొట్టంలో సీసం పోసి మూయించి, ఇంట్లో ఉంచుకోవడానికి కాగితం కూడా తీసుకున్నారు.

"గొట్టం కోశారు" అన్నాడు దుకాణదారు.

"మా నాన్నే కోయించాడు. ఒంటె మీద కూర్చుంటే మోకాలికి తగిలేదట" అన్నాడు బాబా.

"భుజానికి ఆనించే మడమ చెక్క కూడా తగ్గించారు."

"మా నాన్న పొట్టివాడు."

"ఈ వెండి పట్టీలు తర్వాత వేసినవి."

"అక్కడ కర్ర విరిగింది. మా అమ్మ తన కడియం తీసి ఇస్తే, కరిగించి పట్టీలు కట్టించాడు."

దుకాణదారు భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "పెద్దాయనా, కొనేవాడు ఎందుకు కోశారని అడగడు. కోశారా లేదా అని అడుగుతాడు. కంపెనీలోంచి వచ్చినట్టే ఉంటే దీనికి మంచి ఖరీదు. ఒక్కసారైనా పేల్చకుండా పెట్టెలో పడుంటే ఇంకా మంచి ఖరీదు. ఇప్పుడిది గోడకి అందం, అంతే."

తక్కువ ఖరీదు అంటే తమ్ముడికి ఇవ్వాల్సిందీ తక్కువే. బాబా ఎగిరి గంతేసి ఇంటికి పోదాం పద అంటాడని కుక్కుటేశ్వరరావు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. బాబా ముఖం చూస్తే కందగడ్డలా ఉంది.

"నీకు తుపాకుల సంగతి తెలీదు. కాఫీ గిన్నెలు అమ్ముకో" అని లేచాడు. బయటికి రాగానే, "కుకూ, ఇంకో దుకాణం చూడు" అన్నాడు.

ఇదీ వరస. ఎక్కువ చెబితే ఇవ్వడానికి మనసు రాదు, తక్కువ చెబితే తండ్రిని తిట్టినట్టు ఉంటుంది. ఈ రెండిటి మధ్య కుక్కుటేశ్వరరావు ఎండలో బండి తోలుతున్నాడు. తిరుగు దారిలో ఒక పోలీసు ఆపాడు. దుప్పటి తీసి చూసి, కాగితం చూసి, వదిలేస్తాడనుకుంటే, తన తాతకీ ఇలాంటిదే ఉండేదని మొదలుపెట్టాడు. బాబా హుషారుగా కారు దిగిపోయాడు. ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి తాతలనీ తండ్రులనీ తవ్వుకుంటుంటే, కుక్కుటేశ్వరరావు తుపాకికి ఏసీ వేసి కాపలా కాశాడు.

ఆ కాపలాలో అతనికో అనుమానం వచ్చింది. వాడకుండా దాచిన దానికి విలువ, వాడితే విలువ లేదు. ఇదేం లెక్క? తమ ఊరి గుడి గడప నడుమ అరిగి గుంటపడింది. ఎన్ని వేలమంది కాళ్ళు పడ్డాయో అని అందరూ దానికే మొక్కుతారు. కొత్త గడపకి అంత మర్యాద జరుగుతుందా? మరి ఆ దుకాణదారు చదువుకున్నవాడే కదా, అతనికెందుకు అలా తోచిందో? దేవుడికే తెలియాలి అనుకుని హారను కొట్టాడు. బాబా చెయ్యి ఊపాడు, కూర్చో అన్నట్టు.

వంటింట్లో ఎలీసమ్మ చేపలు కడుగుతోంది. ఆమెది నరసాపురం. ఈ ఇంట్లో వంట చేస్తుంది. అతను వచ్చి కుర్చీలో కూలబడగానే గ్లాసుతో మజ్జిగ పెట్టింది.

"ఏమండీ అన్నయ్యగారూ, తేలిందాండీ మీ తుపాకి?"

"నా తుపాకేంటమ్మా నీ మొహం. నాదైతే నూతిలో పారేద్దును."

"ఆయ్, పారేస్తారు. అలా అంటూనే దుప్పటి కప్పుతున్నారు కదండీ. జోలపాట కూడా పాడుతున్నారేమో అనుకున్నాను."

"నీకు నవ్వులాటగా ఉంది. అక్కడ పద్మశ్రీ రోజూ ఫోను. 'బయల్దేరారా, బయల్దేరారా' అని. ఏం చెప్పమంటావు? ఒక తుపాకిని పెళ్ళిచూపులకి తిప్పుతున్నానని చెప్పనా?"

"నేను ప్రార్థన చేస్తున్నానండి మీ కోసం. మీ దేవుడు మీరు చూసుకోండి, ఇద్దరిలో ఎవరో ఒకరు వింటారు." చేప మొప్పలు తీసి పారేసి, గొంతు తగ్గించింది. "మామా ఫోనులో మాట్లాడుతుంటే విన్నానండి. చిన్నాయన ఎవర్నో పట్టుకొచ్చాడంట. సాల్మియాలో ఉంటాడంట. శుక్రవారం చూడ్డానికి వస్తాడంట."

నిజమే. అబూ తలాల్ తెచ్చిన మనిషి మామూలు దుకాణదారు కాదు. పాత తుపాకులు పోగుచేసే పెద్ద ఇంజనీరు. అందులోనూ, కంపెనీ నుంచి వచ్చినవి వచ్చినట్టున్నవి ఆయనకి అక్కర్లేదట. ఎడారిలో మనుషులు కోసినవి, అతికినవి, పట్టీలు కట్టినవి మాత్రమే కొంటాడట. ఆ సాయంత్రం దివానియాలో అబూ తలాల్ గొంతు గుమ్మం బయట చెప్పుల దగ్గర కూర్చున్న కుక్కుటేశ్వరరావుకి స్పష్టంగా వినిపించింది.

"నువ్వు తీసుకెళ్ళిన దుకాణాలన్నీ నీ మాట విన్న దుకాణాలు. ఈయన అలా కాదు. నాన్న చేయించిన మార్పులు పాతవే అయితే, కోయని తుపాకికన్నా దీనికే ఎక్కువిస్తానన్నాడు. ఆయనకి అమ్మేద్దాం. చెరి సగం. ఖలాస్."

"అమ్మడమా?" అన్నాడు బాబా.

"లేదా నువ్వే ఆయన చెప్పిన ధరలో సగం నాకివ్వు."

"శుక్రవారం రానీ" అన్నాడు బాబా.

కుక్కుటేశ్వరరావుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. అమ్ముడుపోతే గొడవ ఖలాస్. శనివారం పాస్‌పోర్టు చేతికొస్తుంది, ముహూర్తానికి ముందురోజుకైనా ఇల్లు చేరతాడు. బాబాకి కష్టంగానే ఉంటుంది. కానీ ఒక వస్తువు కోసం ఇంత మంది నలగాలా? గదిలోకి వెళ్ళి గోడ మీది స్వామి పటానికి దణ్ణం పెట్టుకున్నాడు. ఏమని మొక్కుకోవాలో తోచలేదు. యజమాని ఇష్టపడని పని జరగాలని దేవుణ్ణి అడగడం బాగుండదు. అందుకని, "ఆ ఇంజనీరుకి నచ్చేలా చూడు తండ్రీ" అని మాత్రం అన్నాడు.

శుక్రవారం పొద్దున బాబా తుపాకిని గోడ మీంచి దింపించి, "గుడ్డతో తుడిచి సిద్ధంగా ఉంచు కుకూ, మధ్యాహ్నం వస్తారు" అని మసీదుకి వెళ్ళాడు.

కుక్కుటేశ్వరరావు దాన్ని గ్యారేజీలోకి తెచ్చి వెలుతురులో చూశాడు. చూస్తే మనసు ఉసూరుమంది. వెండి పట్టీలు నల్లగా కాకి రెక్కల్లా ఉన్నాయి. ఇత్తడి మేకులు పచ్చటి చిలుం పట్టాయి. కర్ర అంతా మురికి. మడమ పక్కన అరచేయంత మేర నల్లటి జిడ్డు మరక. దీన్నా పెద్దమనిషి ముందు పెట్టేది? వాళ్ళ ఊళ్ళో అయితే, ఆడపిల్లని చూడ్డానికి వస్తున్నారన్నా, దూడని కొనడానికి వస్తున్నారన్నా, ముందు కడిగి తుడిచి బొట్టు పెట్టందే బయటికి తేరు. దసరా వస్తే కత్తిపీట దగ్గర్నుంచి తోమి పసుపు రాస్తారు. వస్తువుని మురికిగా ఉంచడమంటే దాన్ని అవమానించడమే. వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు? ఇన్నేళ్ళూ గోడకి వేలాడదీసి ఒక్కరూ పట్టించుకోలేదనుకోరూ?

"ఎలీసమ్మా, కాస్త చింతపండు ఇయ్యమ్మా. ఉప్పు కూడా."

"పులుసు పెడతారా ఏంటండీ తుపాకితో?" అంటూనే తెచ్చి ఇచ్చింది. చూస్తూ నిలబడి, "ఆ మూల ఇంకా నల్లగా ఉందండి" అని చూపించింది కూడా.

చింతపండుతో పట్టీలు తళతళలాడాయి. మేకులు బంగారంలా వచ్చాయి. కర్రకి మాత్రం చింతపండు పనిచేయలేదు. కారు గీతలకి వాడే గరుకు ఉప్పుకాగితం ఉంది. దానితో రుద్దాడు. ఆ జిడ్డు మరక ఒక పట్టాన వదల్లేదు. చెమటలు కారుతుంటే రుద్ది రుద్ది వదిలించాడు. కింద నుంచి లేత కర్ర కొత్త గుమ్మంలా బయటపడింది. పైన కొబ్బరినూనె పట్టించి, మెత్తటి గుడ్డతో తుడిచాడు. ఇద్దరూ వెనక్కి జరిగి చూశారు.

"అబ్బ, ఇప్పుడే కొట్లోంచి తెచ్చినట్టుందండీ" అంది ఎలీసమ్మ.

దివానియాలో ఇంజనీరు తెల్లటి పొడవాటి దిష్‌దాషా అంగీలో వచ్చి కూర్చున్నాడు. కాఫీ అయింది. కుశల ప్రశ్నలయ్యాయి. కుక్కుటేశ్వరరావు తుపాకిని రెండు చేతుల మీదా పెట్టుకుని, హారతి పళ్ళెం తెచ్చినట్టు తెచ్చి, తివాచీ మీద పరిచిన గుడ్డ మీద ఉంచాడు. పట్టీల మీద దీపాల వెలుగు మెరిసింది.

ఇంజనీరు కళ్ళజోడు పెట్టుకున్నాడు.

తుపాకిని తీసుకుని వాసన చూశాడు. మడమ మీద వేలు పెట్టి రుద్దాడు. "కొబ్బరినూనె" అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. తర్వాత అబూ తలాల్ వైపు తిరిగి, "దీన్నెప్పుడు చేయించారు?" అని అడిగాడు.

"ఎప్పుడేంటి, మా నాన్న కాలంలో!"

"నేను నమ్మొచ్చు. ఇంకొకడు ఎందుకు నమ్మాలి? ఈ వెండి నిన్న పోతపోసినట్టుంది. ఈ కర్ర మొన్న చెక్కినట్టుంది. ఇలాంటివి కొత్తగా తయారు చేసి పాతవని అమ్మేవాళ్ళు లేరా? ఒక మనిషి దీన్ని కోశాడు, మోశాడు, వాడాడు అనడానికి దీని ఒంటి మీదే సాక్ష్యం ఉండాలి. ఆ సాక్ష్యాన్ని ఎవరో కడిగేశారు." గుడ్డ మీద దించేశాడు. "కోసినందుకు కంపెనీ తుపాకి కాకుండా పోయింది. తోమినందుకు ఎడారి తుపాకి కాకుండా పోయింది. ఉంచుకోండి. నాకు వద్దు."

అబూ తలాల్ ముందు డ్రైవరుని చూశాడు, తర్వాత అన్నని. "నువ్వే చేయించావు" అన్నాడు.

బాబా తుపాకినే చూస్తున్నాడు. తమ్ముడి మాట విన్నట్టు లేదు.

"నువ్వే చేయించావు! ఎవరికీ దక్కకూడదని! సరే, నీ దగ్గరే ఉంచుకో. దీనికి సగమేంటి, సున్నాలో సగం సున్నా. ఖలాస్. నాకొద్దు, నా పిల్లలకొద్దు." చెప్పులు వేసుకుంటూ కూడా గొణుగుతూనే ఉన్నాడు. ఇంజనీరు మర్యాదగా సలాం చెప్పి అతని వెంట వెళ్ళిపోయాడు.

కుక్కుటేశ్వరరావు కాఫీ గిన్నెలు తీయడానికి వంగి, మళ్ళీ ఆగిపోయాడు. ఉద్యోగం పోయింది, పీటలూ పోయాయి, అనుకున్నాడు. ఇన్నాళ్ళూ ఈ తుపాకి మీద విసుక్కున్నందుకు స్వామి ఇలా చూపించాడా? లేక నచ్చేలా చూడమని అడిగి, చూసే పని ఆయనకి వదలకుండా తానే ఉప్పుకాగితం పట్టుకున్నందుకా?

"కూర్చో" అన్నాడు బాబా.

తివాచీ అంచున కూర్చున్నాడు.

"నేను గుడ్డతో తుడవమన్నాను."

"అవును బాబా."

"మరి ఇదేంటి?"

"పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు కదా బాబా. మా వైపు మురికితో ఏదీ ముందు పెట్టరు."

బాబా మడమని ఒళ్ళోకి తీసుకున్నాడు. లేత కర్ర మీద అరచెయ్యి ఆన్చాడు. "ఇక్కడ మా నాన్న చెంప ఆనించేవాడు. గురి చూసేటప్పుడు. ఆయన చెమట, ఆయన గడ్డానికి రాసుకునే నూనె. నాకు కళ్ళు సరిగ్గా కనపడకపోయినా ఇది తగిలేది చేతికి. మురికి కాదు ఇది." అరచెయ్యి తీసి, "నీకెలా తెలుస్తుందిలే. నేనెప్పుడూ చెప్పలేదు" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్లు కుక్కుటేశ్వరరావుకి అలవాటే, ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాడు. దీన్ని ఎక్కడ వదలాలో తెలియలేదు.

"తప్పయింది బాబా."

"ఒకటి చెప్పు. ఇది అమ్ముడుపోవాలని నీకుందా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మొన్ననే పటం ముందు నిలబడి దణ్ణం పెట్టినవాడు, అబద్ధం ఆడితే అదో పాపం. "ఉంది బాబా. అమ్ముడుపోతే నాకు సెలవిస్తారని. మా కొత్తింట్లో నేను కూర్చోకపోతే మా ఆవిడ పాలు పొంగించదు."

బాబా ఒళ్ళంతా కదిలేలా నవ్వాడు, లేదా దగ్గాడు. ఏదో స్పష్టంగా తెలియలేదు. "నువ్వు అమ్మాలని తోమావు. నాకు మిగిల్చావు. తమ్ముడు చూడు, సున్నా అన్నాక ఒక్క క్షణం కూర్చోలేదు. నాన్నది అని అడిగాడా? ఎంత అని అడిగాడు. నేనూ అంతే అడిగాను, ఇన్నాళ్ళూ, దుకాణం దుకాణానికీ తిరిగి." లేచి తుపాకిని గోడకి తగిలించబోయి, మేకు కంటికి ఆనక ఆగి, "నువ్వే పెట్టు" అన్నాడు. "తల అటు."

తల ఎటో మాత్రం ఈసారీ చెప్పలేదు. కుక్కుటేశ్వరరావు పెట్టాడు. కాదన్నాడు. తిప్పి పెట్టాడు. మళ్ళీ కాదన్నాడు. చివరికి మొదట పెట్టినట్టే పెడితే సరే అన్నాడు. అప్పుడు బీరువా తాళం తీసి పాస్‌పోర్టు చేతిలో పెట్టాడు. "యల్లా, వెళ్ళు. మీ ఇంట్లో పాలు పొంగించుకో. కానీ తిరిగి రా. నన్ను తిప్పేవాడు కావాలి." ఎక్కడికి తిప్పాలో ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు.

గదిలోకొచ్చి పెట్టె సర్దుతుంటే గుండె సగం తేలిక, సగం బరువు. ఎలీసమ్మ తన వాళ్ళకి పంపే ఖర్జూరం పొట్లం తెచ్చి, "విన్నాడండీ ఎవరో ఒకరు" అంది. అతను తలూపి ఊరుకున్నాడు. విన్నవాడు ఎవరైనా, అడిగిన దారిన మాత్రం వినలేదు. పద్మశ్రీకి ఫోను చేశాడు.

"టిక్కెట్టు దొరికింది. బుధవారానికల్లా ఇంట్లో ఉంటాను."

"నా తండ్రే! బతికించారు!" ఆమె గొంతు నవ్వుతోంది. వెనకనుంచి ఏదో బరబరా చప్పుడు. "ఇక్కడ అన్నీ అయిపోవచ్చాయండి. సున్నాలు వేశారు, గుమ్మాలకి రంగులయ్యాయి. మామయ్యగారి పట్టెమంచం అటక మీంచి దింపించాను. వడ్రంగి చిత్రిక పడుతున్నాడు. వార్నీషు వేస్తే కొత్తదానిలా ఉంటుంది. ఆ తలాపు పట్టె మీద నల్లగా నూనె మరకండీ బాబూ, ఎన్నాళ్ళ జిడ్డో. మామయ్యగారు తలానించుకునేవారు చూడండి, అక్కడ."

కుక్కుటేశ్వరరావు చేతిలో చొక్కా కింద పడింది. "ఆపమను."

"ఏంటండీ?"

"చిత్రిక ఆపమను. తలాపు ముట్టుకోవద్దను."

"సగం మంచం అయిపోయిందండీ. ఇప్పుడు తలాపు వైపుకి వస్తున్నాడు. సగం తెల్లగా సగం నల్లగా ఉంటే ఎలాగండీ? చుట్టాలంతా దాని మీదే కూర్చుంటారు. వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?"

అతను ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. చిత్రిక చప్పుడు ఆగలేదు.

"ఏమనుకుంటే అనుకోనీ. వచ్చి చెప్తాను."

"అసలు మీకేమైందండీ అక్కడ? ఇన్నాళ్ళూ సెలవు దొరకలేదని గోల. దొరికాక మంచం గోల."

"పద్మా, నువ్వు తర్వాత తిడుదువుగాని. ముందు వడ్రంగికి ఫోనియ్యి."